రోహిణి కార్తెలో పిట్టల కోసం ఎటు వెళ్దాం: పెద్ద చెరువా, నాగావళా, తేలుకుంచా?

వేసవి చివర్లో పిట్టల్ని చూడ్డానికి వెళ్దామంటే మా విజయనగరంలో ఎవరైనా ముందు చెప్పే పేరు తేలినీలాపురం. ఊరు మంచిదే, అదను మాత్రం ఇది కాదు. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు అక్కడికి దసరా ముందువెనకల దిగి, పిల్లలకి రెక్కలొచ్చాక ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఒకసారి జూన్ మొదటి వారంలో ఇంటిల్లిపాదినీ కారెక్కించి టెక్కలి దాటించి తీసుకెళ్లాను. చెట్ల మీద ఖాళీ గూళ్లు చూసొచ్చాం. తిరుగు దారి పొడుగునా నాకు పడిన అక్షింతలు చెప్పనక్కర్లేదు. కాబట్టి దాన్ని చలికాలానికి వదిలేద్దాం.

తాటిపూడి రిజర్వాయర్ కూడా చాలామంది చెబుతారు. కొండలూ నీళ్లూ కళ్లకి హాయే గానీ, పిట్ట చుక్కంత దూరంలో కనిపిస్తే నాకు తృప్తి ఉండదు.

ఇక మిగిలినవి మూడు. వాటిలో నా ఓటు మా పెద్ద చెరువుకే.

నీళ్లు తగ్గిపోవడమే దానికి కలిసొచ్చే సంగతి. చెరువు నిండుగా ఉంటే పిట్టలు నలుమూలలా చెదిరిపోతాయి. రోహిణి కార్తెకి నీరు లోతట్టు గుంటల్లోకి చేరి, చేపలు అక్కడే ఇరుక్కుంటాయి. ఆ గుంటల చుట్టూ తెల్లకొంగలు, నీటికాకులు పంక్తి భోజనానికి కూర్చున్నట్టు చేరతాయి. నేను గట్టు మీద బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడితే గేదెల్ని తోలుకొచ్చిన ఒకాయన "ఏటి బాబూ, నీల్లు లేని చెరువులో ఏటి సూస్తన్నారు?" అనడిగాడు. బైనాక్యులర్స్ ఇచ్చాను. గుడ్డికొంగ వైపు తిప్పి చాలాసేపు చూశాడు. "ఇది మన గుడ్డికొంగేనా? ఇంత ఎరుపేటి?" అన్నాడు.

ఆయన అడిగిందే అసలు సంగతి. ఏడాదంతా బురద రంగులో, ఉందో లేదో తెలియకుండా నక్కి కూర్చునే గుడ్డికొంగకి ఈ రోజుల్లో వీపు ముదురు మెరూన్ రంగుకి తిరుగుతుంది. గేదెల వెంట తిరిగే కొంగకి తలా మెడా పసుపు పూసినట్టవుతాయి. గట్టు మీది ఈత చెట్ల దగ్గర గిజిగాడు మగపిట్ట నెత్తిన పసుపు టోపీ పెట్టుకుని గూడు అల్లే పనిలో దిగుతుంది. రోజూ చూసే పిట్టలే పెళ్లిబట్టలు కట్టుకునే కాలమిది, దూరం వెళ్లి కొత్తవి వెతకడం ఎందుకు? అదృష్టం బాగుంటే ఆకుల మీద నడిచే పొడుగు తోక జకానా కూడా కనిపిస్తుంది. దాని సంసారం తిరకాసు. గుడ్లు పొదిగి పిల్లల్ని సాకేది మగది, ఆడది ఇంకో మగదాన్ని చూసుకుంటుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గుర్రపుడెక్క, చెత్త, గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకోవాల్సిన వాసన. అయినా పొద్దున్నే వెళ్లి ఆఫీసు టైముకి ఇంటికొచ్చేయొచ్చు. జూన్‌లో మనకి 5:20కల్లా సూర్యుడొచ్చేస్తాడు, ఎనిమిదికల్లా మాడు కాలుతుంది. ఆ రెండున్నర గంటలే మనవి.

శ్రీకాకుళం వాళ్లకి మాత్రం నాగావళే దగ్గర. ఈ రోజుల్లో ఏరు సన్నని పాయలుగా చీలి, ఇసుక దిబ్బలు బయటపడి ఉంటాయి. చెరువులో లేనిది ఇక్కడ ఒకటుంది: నలుపు తెలుపుల లకుముకి పిట్ట. మామూలు నీలి లకుముకిలా కొమ్మ మీద కూర్చుని కాచుకోదు. నీటిపైన గాల్లోనే రెక్కలాడిస్తూ నిలబడి, ముక్కు కిందికి పెట్టి, రాయి పడ్డట్టు పడుతుంది. ఒడ్డు నిలువుగా తెగినచోట బొరియల్లో పసిరిక పిట్టలు కాపురం పెడతాయి. దిబ్బ మీద తీతువు మీ నెత్తిన తిరుగుతూ గోల పెడితే మాత్రం వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లిపోండి. దాని గుడ్లు నేల మీదే, గులకరాళ్లలో గులకరాళ్లలా ఉంటాయి. ఇసుక బళ్లు తిరిగే రోజైతే పిట్టలుండవు. అందుకే దీనికి నేను రెండో స్థానమే ఇస్తాను.

తేలుకుంచి సంగతి వేరు. అది రోజువారీ షికారు కాదు, ఏడాదికోసారి చేసే యాత్ర. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురమే సుమారు 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి పల్లెదారి. రోహిణిలో వెళ్లకండి. మృగశిర దాటి నాలుగు వానలు పడనివ్వండి. అప్పటికి నత్తకొంగలు ఊళ్లో చెట్ల మీద గూళ్లు కడుతూ ఉంటాయి. వీటిని సైబీరియా కొంగలంటారు గానీ, అవి సైబీరియా ముఖం చూసినవి కావు. మన దేశంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే పక్షులే. కొంగలొస్తే వానలు బాగా పడతాయని ఊరి నమ్మకం. కొంగ లెక్క దానికి తిరగేసి ఉంటుంది: వానలు పడి మళ్లలో నీరు నిలిస్తే నత్తలు బయటికొస్తాయి, పిల్లలకి తిండి దొరుకుతుంది. ఆ నత్తల కోసమే దాని ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది. గూట్లో పిల్లల్ని చూడండి, వాటికి ఆ సందు ఇంకా పడి ఉండదు.

ఇన్ని గూళ్లు ఇంత దగ్గరగా, బైనాక్యులర్స్ అవసరమే లేకుండా, మిగతా రెండు చోట్లా దొరకవు. పిల్లల్ని తీసుకెళ్లేట్టయితే మొదటి ఓటు దీనికే. టపాసులు, స్పీకర్లు వద్దు. చెట్టు కింద నిలబడితే టోపీ పెట్టుకోండి, అది ఎండకి కాదు.