కుమార పున్నమి రాత్రికి ఏ ఆట మేలు?

దసరాకి ఊరొచ్చినవాళ్ళు ఇంకో నాలుగైదు రోజులు ఆగితే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కుమార పున్నమి చూడొచ్చు. ఆశ్వయుజ పున్నమి రాత్రి మేలుకుని ఉన్న ఇంటికే లక్ష్మి వస్తుందని ఒడియావాళ్ళ నమ్మకం. మేలుకోవాలంటే చేతికేదో పని ఉండాలి కదా, అందుకే పేక, పాచికలు, లూడో అన్నీ బయటికొస్తాయి. మన తెలుగువాళ్ళకి మూడో రోజున అట్లతద్ది ఎలాగూ ఉంది గానీ, రాత్రంతా ఆడుకోవచ్చంటే ఎవరు కాదంటారు? మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. అక్కడి స్నేహితులు కూడా బండేసుకుని వచ్చేస్తారు. దాంతో ఒకే చాప మీద తెలుగు చదవగలిగేవాళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్ళో ఒడియా చదువుకున్నవాళ్ళు, అచ్చంగా ఒడియావాళ్ళు, వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో ఉద్యోగం చేస్తూ ఇంగ్లీషు ఆటల పెట్టెలు మోసుకొచ్చేవాళ్ళు కలిసి కూర్చుంటారు.

అందుకే మా వైపు ఆట ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది చాప మీద ఎంతమంది ఉన్నారని, ఆ తర్వాత ఆటలో చదవాల్సింది ఎంత ఉందని. అది ఎంత తెలివైన ఆట అన్నది ఆ తర్వాతి మాట.

క్యాటాన్‌తో మొదలెడతాను, ఎందుకంటే బయట ఉద్యోగం చేసేవాళ్ళలో ఒకరైనా దాన్నే తెస్తారు. 1995లో జర్మనీలో క్లాస్ టాయ్‌బర్ తయారుచేసిన ఆట ఇది. 19 ఆరుమూలల పలకలు పేర్చి ఒక దీవి కడతాం. ఇటుక, కలప, ఉన్ని, ధాన్యం, ఖనిజం అని ఐదు సరుకులు. రెండు పాచికలు వేస్తే పడిన అంకె ఏ పలక మీద ఉందో, దాని పక్కన ఇల్లున్నవాళ్ళకి సరుకు. రోడ్లు, ఇళ్ళు కట్టుకుంటూ ముందుగా 10 పాయింట్లు చేరినవాళ్ళది గెలుపు. దీని ప్రాణమంతా బేరంలో ఉంది. "ఏట్రా, ఒక్క ఇటుకకి రెండు గొర్రెలా?" అని పాతపట్నం గొంతు లేచిందంటే ఆట రంజుగా నడుస్తున్నట్టే.

ఇబ్బంది ఎక్కడంటే, లెక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ మొదటి ఐదు నిమిషాల్లోనే తేడా వచ్చేస్తుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 6 గానీ 8 గానీ పడే దారులు ఐదేసి, 12 పడే దారి ఒక్కటే. కొత్తగా కూర్చున్నవాడు 12 పెద్ద అంకె కదా అని దాని పక్కన ఇల్లు పెట్టుకుంటాడు. ఇక గంటసేపు ఉత్త చేతులే. పైగా మామూలు పెట్టెతో ముగ్గురో నలుగురో మాత్రమే ఆడగలరు, ఐదో మనిషికి ఇంకో పెట్టె కొనాలి. నడిమధ్యలో వచ్చినవాణ్ణి కలుపుకునే వీలు లేదు. రూల్స్ చెప్పడానికే టీ చల్లారిపోతుంది. సెలవుల్లో వాన పట్టుకున్న మధ్యాహ్నం, అదే నలుగురు, ఎవరికీ తొందర లేదంటే క్యాటాన్‌ని మించింది లేదు. పున్నమి రాత్రికి మాత్రం వద్దంటాను.

ఆ రాత్రికి నా ఓటు సీక్వెన్స్‌కే. రెండు కట్టల పేక, అంటే 104 ముక్కలు, జాకీలు తప్ప ప్రతి ముక్క బొమ్మా రెండేసి సార్లు అచ్చయిన బోర్డు, రంగు బిళ్ళలు. చేతిలో ముక్క వేసి, బోర్డు మీద ఆ ముక్క గడిలో మన బిళ్ళ పెట్టాలి. వరసగా ఐదు బిళ్ళలు కుదిరితే ఒక సీక్వెన్స్. రెండు జట్లయితే రెండు సీక్వెన్సులు కావాలి, మూడు జట్లయితే ఒక్కటి చాలు. నేర్పడానికి ఇంతే. పేక తెలియని ఇల్లు మా వైపు లేదు కాబట్టి ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అంటే అందరికీ తెలుసు. చదవాల్సిన అక్షరం ఒక్కటీ లేదు.

అసలు రుచి జాకీల్లో ఉంది. ముక్కని దగ్గరగా పట్టుకుని చూడండి. ఇస్పేటు, ఆఠీను జాకీలు పక్కకి తిరిగి ఉంటారు, ఒక్క కన్నే కనిపిస్తుంది. కళావరు, డైమను జాకీలకి రెండు కళ్ళూ కనిపిస్తాయి. రెండు కళ్ళ జాకీ పడితే ఖాళీగా ఉన్న ఏ గడిలోనైనా బిళ్ళ పెట్టుకోవచ్చు. ఒంటికన్ను జాకీ పడితే అవతలి జట్టు బిళ్ళ ఒకటి పీకెయ్యొచ్చు, పూర్తయిన సీక్వెన్స్‌లోది మాత్రం ముట్టుకోకూడదు. నాలుగు కుదిరి ఐదోదాని కోసం కాచుకున్నవాడి బిళ్ళ ఎగిరిపోయినప్పుడు వాడి మొహం చూడాలి! ఎవరి చేతిలో ఒంటికన్నువాడు ఉన్నాడో అన్న టెన్షన్‌తోనే సగం ఆట నడుస్తుంది. జతగాడికి సైగ చేస్తే జరిమానాగా ఒక ముక్క వదులుకోవాలి. అయినా రెండు భాషలూ దాదాపు అందరికీ తెలిసిన చాప మీద గుసగుసలాడి దాచేదేముంది.

సీక్వెన్స్‌కి ఒక చిక్కు ఉంది. ముగ్గురు దాటాక జట్లు సమానంగా రావాలి. నలుగురు, ఆరుగురు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు మందికి సరిపోతుంది. ఐదుగురికీ ఏడుగురికీ కుదరదు. ఏడుగురైతే ఒకరు టీ పెట్టే డ్యూటీ తీసుకోవాలి, మరో దారి లేదు. ఇంకోటి, చంద్రుడికి పెట్టిన చాంద చకటా చేతికొస్తే జాగ్రత్త. పేలాలు, కొబ్బరి, అరటిపండు, తీపి కలిపి పిసికిన ప్రసాదం అది. ఆ వేళ్ళతో పట్టుకుంటే రెండు ముక్కలు అతుక్కుని ఒకటిగా వస్తాయి. పక్కన తడిగుడ్డ పెట్టుకోండి.

సరిగ్గా ఐదుగురే ఉంటే టికెట్ టు రైడ్ తియ్యండి. 2004లో అలన్ మూన్ చేసిన ఈ రైలు ఆట ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు. రంగు ముక్కలు పోగేసి, ఆ రంగు దారి మీద మన రైలుపెట్టెలు పరచాలి. ఒక్కొక్కరికి 45 పెట్టెలు. ఎవరి దగ్గరైనా రెండో అంతకంటే తక్కువో మిగిలితే అందరికీ ఇంకొక్క వంతు ఇచ్చి ఆట ముగిస్తారు. మ్యాప్ మీద అమెరికా ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి గానీ, టికెట్ మీద బొమ్మ చూసి ఏ మూలో కనిపెట్టొచ్చు. నౌపడ నుంచి 1900లోనే చిన్న రైలు నడిచిన ఊరు మాది, మా మ్యాప్‌తో ఇలాంటి ఆట ఎవరూ చెయ్యలేదేమని నాకు చిన్న అలక.

ఈ ఆటలో నాకు నచ్చింది మరొకటుంది. ప్రతి రంగుకీ ముక్క మీద ఒక గుర్తు కూడా వేశారు. రంగులు సరిగా కనిపించనివాళ్ళకి అది ఎంత సాయమో, కరెంటు పోయిన రాత్రి అందరికీ అంతే సాయం. అక్టోబరంటే మాకు తుపాను నెల కూడా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాని చావగొట్టింది. రెండూ నవరాత్రుల్లోనే. ఎమర్జెన్సీ లైటు వెలుగులో ఎరుపుకీ నారింజకీ తేడా చెప్పడం ఎవరి తరం?

ఇక డబ్బు పెట్టనక్కర్లేని అష్టాచెమ్మా. నేల మీద సుద్దతో ఐదు బై ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగేసి కాయలు. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీస్తే సరి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. రెండిటికీ మళ్ళీ వెయ్యొచ్చు. ఎదుటివాడి కాయ ఒక్కటైనా చంపితేగానీ లోపలి గళ్ళలోకి పోనివ్వకపోవడం మా ఇంటి పద్ధతి. ఆ ఒక్క రూలు వల్లే మెతకగా ఉండే పిన్నిగారు కూడా కసిగా ఆడతారు. క్యాటాన్‌తో పోలిస్తే ఇందులో తెలివి తక్కువ, అదృష్టం ఎక్కువ. ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదేళ్ళ పిల్లాడు, డెబ్బై ఏళ్ళ మామ్మ, ఒక ఇంజనీరు సమానంగా కొట్టుకోగలిగిన ఆట కావాలంటే తెలివి కొంచెం తగ్గాల్సిందే. లోపం నలుగురే ఆడగలగడం. పాతపట్నంవాళ్ళ రూల్స్ వేరుగా ఉంటాయి కాబట్టి, మొదటి గవ్వ పడకముందే ఏ పద్ధతో ఒప్పందం చేసుకోండి.

బిజినెస్ బోర్డు అటకమీదే ఉండనివ్వండి. ముందు దివాలా తీసినవాడు మిగతా గంట ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి. దాని పెద్దక్క మోనోపోలీకి మూలమైన ఆటకి 1904లో పేటెంటు తీసుకున్న ఎలిజబెత్ మాగీ ఉద్దేశం, భూస్వాముల అద్దెలు జనాన్ని ఎలా పిండుతాయో చూపించడం. ఆ సంగతి మాత్రం ఆట బాగానే చూపిస్తుంది. క్యారమ్స్ పగటికి మంచిది. రాత్రి తేమకి పౌడర్ ముద్ద కడుతుంది, స్ట్రైకర్ చప్పుడుకి పక్కింటివాళ్ళు లేస్తారు.

పదిమంది దాటితే కోడ్‌నేమ్స్ బాగుంటుంది గానీ ఇంగ్లీషు మాటల పెట్టె మాకు పనికిరాదు. 25 చీటీల మీద బొమ్మలు గీసుకుని, చాప మీద పరిచి ఆడతాం. రెండు జట్లకీ ఒక్కొక్క నాయకుడు, ఒక్క మాటతో తన జట్టు బొమ్మలు పట్టించాలి. ఉయ్యాల బొమ్మకి మావాడొకడు "రజో" అన్నాడు. జూన్‌లో మూడు రోజులు ఉయ్యాలలూగే ఒడిశా పండగ అది. పర్లాకిమిడివాళ్ళు చటుక్కున అందుకున్నారు, పాతపట్నంవాళ్ళు బిక్కమొహం వేశారు. తర్వాతి వంతులో వాళ్ళు అట్లతద్ది అని బదులు తీర్చుకున్నారు. ఇలాంటప్పుడు జట్లని ఏటికి అటూ ఇటూ చీల్చకుండా కలిపెయ్యడం మంచిది.

మీ వీధిలో గంజపా అనే పాతకాలపు ఒడియా పేకాట తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే మాత్రం ఈ పెట్టెలన్నీ పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చోండి. గుండ్రటి ముక్కలు, గుడ్డ మీద చేత్తో వేసిన బొమ్మలు, ఎనిమిది రంగుల కట్టలో రంగుకి 12 చొప్పున 96. రాజు, మంత్రి పోగా మిగిలినవి అంకెలు. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది. ఏ రంగుకి ఏది పెద్దదో గుర్తుపెట్టుకోవడానికే మొదటి రాత్రి సరిపోతుంది.