బరంపురం జిరాక్స్ షాపుల సి నోట్సు: హ్యాష్ లైన్ పాఠం ఎంతవరకూ నమ్మొచ్చు?

బరంపురంలో కాలేజీల దగ్గర స్పైరల్ బైండింగ్ చేసి అమ్మే తెలుగు సి లాంగ్వేజ్ నోట్సు ఇది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు వినే పిల్లలకి ప్రీప్రాసెసర్ (కంపైల్ చేసే ముందు కోడ్‌ని సిద్ధం చేసే భాగం) గురించి తెలుగులో దొరకడమే గొప్ప. పాయింటర్లు, అర్రేలు మామూలే. చూడాల్సింది హ్యాష్ లైన్ (#line) పాఠం.

ఈ డైరెక్టివ్ (ప్రీప్రాసెసర్‌కి ఇచ్చే ఆదేశం) ఫైల్లో లైన్లని కదపదు, కంపైలర్ వేసుకునే లెక్కని మారుస్తుందంతే. ఈ ముక్క బాగా ఎక్కేలా చెప్పారు. 12వ లైన్లో హ్యాష్ లైన్ 100 అని రాసి, పక్కన డబుల్ కోట్స్‌లో 'లెక్క.సి' అని పెట్టారు. 15వ లైన్లో డిక్లేర్ చెయ్యని వేరియబుల్ వాడారు. ఎర్రర్ 'లెక్క.సి' 102వ లైన్లో ఉన్నట్టు వస్తుంది. ఇచ్చిన నంబరు డైరెక్టివ్ ఉన్న లైనుకి కాదు, దాని కింది లైనుకి. అంటే 13కి 100, 15కి 102.

ఇంత బాగా చెప్పి, తర్వాతి పేజీలో వాళ్ళే బోల్తా పడ్డారు. మళ్ళీ అసలు లెక్కకి రావడానికి 20వ లైన్లో హ్యాష్ లైన్ 20 అని అచ్చేశారు. అలా రాస్తే 21వ లైను 20 అయిపోతుంది, అక్కణ్ణుంచి ప్రతి ఎర్రరూ ఒక లైను పైన చూపిస్తుంది. ఫైలు పేరూ తిరిగి రాయలేదు. రాయకపోతే 'లెక్క.సి' పేరే కొనసాగుతుంది.

నంబరు 32767 దాటకూడదన్నది పాత సి90 ప్రమాణం మాట. తర్వాతి సి99 ప్రమాణం నుంచి 2147483647 దాకా ఇవ్వొచ్చు, సున్నా మాత్రం చెల్లదు.

జీసీసీ అనే కంపైలర్‌కి హైఫన్, పెద్ద ఈ (-E) ఇచ్చి ప్రీప్రాసెసర్ చేసే పని చూడమన్నారు, మంచి పని. అవుట్‌పుట్‌లో హ్యాష్, నంబరు, ఫైలు పేరు, చివర 1, 2, 3 లాంటి అంకెలు కనిపిస్తాయి. 1 అంటే కొత్త ఫైల్లోకి వెళ్ళడం, 2 అంటే వెనక్కి రావడం, 3 అంటే సిస్టమ్ హెడర్. వీటి అర్థం మాత్రం నోట్సులో లేదు.

పెద్ద లోటు బైసన్, ఫ్లెక్స్ (మనం రాసిన రూల్స్ నుంచి సి కోడ్ పుట్టించే టూల్స్) ఊసే లేకపోవడం. హ్యాష్ లైన్ అసలు అక్కరకొచ్చేది అక్కడే: అలా పుట్టిన సి ఫైల్లోని ఎర్రర్‌ని మనం రాసిన గ్రామర్ ఫైల్లో చూపిస్తుంది. చేత్తో రాసే ప్రోగ్రాంలో దీన్ని ఇలా ఉత్తుత్తి ఫైలు పేరుతో పెడితే, జీడీబీ అనే డీబగ్గర్ (తప్పులు పట్టే ప్రోగ్రాం) అసలు లేని ఆ ఫైలుని వెతుక్కుంటూ కూర్చుంటుంది.

కొనొచ్చు. కొన్నాక ఆ 20ని పెన్నుతో 21 చేసి, పక్కన ఫైలు పేరు రాసుకోండి.