కార్ లోన్ ఇచ్చేటప్పుడు ఒక మొహం, ఉద్యోగం పోయాక ఇంకో మొహం (5కి 2 స్టార్లు)

కంపెనీ పేరు రాయట్లేదు, వాళ్ళతో నా లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. ఒక ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీ అనుకోండి చాలు. మామూలుగా కార్ లోన్ రివ్యూల్లో వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, డబ్బులు ఎన్ని రోజుల్లో పడ్డాయి ఇవే ఉంటాయి, ఈఎమ్ఐ కట్టలేని నెల వస్తే ఆ కంపెనీ మనతో ఎలా మాట్లాడుద్ది అనేది ఎవరూ రాయరు. నేను దాని గురించే రాస్తున్నా, నా దృష్టిలో అసలు సర్వీస్ అదే.

8 లక్షల లోన్, 9.5 శాతం, 5 ఏళ్ళు, నెలకి 16,801. హైదరాబాద్‌లో షోరూమ్‌లోనే కూర్చోబెట్టి ఆధార్, పాన్, పే స్లిప్పులు తీసుకుని సాయంత్రానికల్లా అప్రూవ్ చేశారు, ఆ పని వరకు వంక పెట్టడానికి లేదు. రెండేళ్ళ పాటు ఒక్క ఈఎమ్ఐ కూడా తప్పలేదు.

తర్వాత మాదాపూర్‌లో నేను పనిచేసే చోట ప్రాజెక్ట్ అయిపోయింది, కొన్నాళ్ళు బెంచ్ మీద (ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా) పెట్టారు, ఆ తర్వాత హెచ్ఆర్ పిలిచి మీరే రిజైన్ చేయండి, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం అన్నారు. ఐటీలో ఉన్నవాళ్ళకి ఇది ఎలా జరుగుద్దో తెలుసు. కాగితం మీద మనల్ని తీసేసినట్టు ఎక్కడా ఉండదు. ఇది ఎందుకు చెప్తున్నా అంటే, లోన్ ఇచ్చేటప్పుడు వీళ్ళు ఒక ఇన్సూరెన్స్ కూడా అంటగట్టారు, ఉద్యోగం పోతే మూడు ఈఎమ్ఐలు మేమే కడతాం సార్ టెన్షన్ లేదు అని, దాని ప్రీమియం కూడా లోన్‌లోనే కలిపారు. తీరా క్లెయిమ్ చేస్తే "మీది రిజిగ్నేషన్ కదా సార్, టెర్మినేషన్ కాదు, రాదు" అన్నారు. పాలసీలో అలాగే ఉంది నిజమే, కానీ ఇక్కడ ఐటీలో ఉద్యోగాలు పోయేదే రిజైన్ చేయించి, అది అమ్మేవాళ్ళకి తెలీదా? ఐటీ వాళ్ళకి ఈ పాలసీ అమ్మడం అన్యాయం అని గట్టిగా చెప్తున్నా.

మొదటి నెల అకౌంట్‌లో బ్యాలెన్స్ లేక నాచ్ (ఈఎమ్ఐ బ్యాంక్ నుంచి దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు) బౌన్స్ అయ్యింది. ఫైనాన్స్ వాళ్ళు ఒక చార్జీ, నా బ్యాంక్ వాళ్ళు ఇంకో చార్జీ. మళ్ళీ అదే నెలలో ఇంకోసారి డబ్బులు లాగడానికి చూశారు, మళ్ళీ రెండు వైపులా చార్జీ. జీతం రాదని ముందే తెలిస్తే డేట్‌కి ముందే బ్రాంచ్‌కి మెయిల్ పెట్టి ఈ నెల అకౌంట్ నుంచి లాగొద్దు, నేనే కడతా అని అడగొచ్చంట, ఈ మాట కస్టమర్ కేర్ వాళ్ళు ఒక్కసారి కూడా చెప్పలేదు. మాండేట్ (అలా లాగడానికి మనం ఇచ్చిన పర్మిషన్) మాత్రం చెప్పకుండా క్యాన్సిల్ చేయకండి, నాచ్ బౌన్స్ మీద కూడా చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టొచ్చు, పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో సెక్షన్ 25 ఉంది.

ఇక కలెక్షన్ టీమ్. మొదట్లో "సార్ ఎప్పుడు కడతారు" అని మర్యాదగానే అడిగారు. రెండో నెల దాటాక సార్ పోయి నువ్వు వచ్చింది. పొద్దున ఏడింటికే ఫోన్, రాత్రి తొమ్మిదికి ఫోన్. లోన్ తీసుకునేటప్పుడు రిఫరెన్స్‌గా ఖమ్మంలో ఉండే మా బావ నంబర్ ఇచ్చాను, ఆయనకి ఫోన్ చేసి మీ వాడు డబ్బులు ఎగ్గొడుతున్నాడు అని చెప్పారు. బావ గ్యారంటీ సంతకం పెట్టలేదు, రిఫరెన్స్ అంతే, ఆయనకి ఫోన్ చేసి ఆ మాట అనే హక్కు వీళ్ళకి ఎక్కడిది? ఒకతను అపార్ట్‌మెంట్ గేట్ దగ్గరికి వచ్చి వాచ్‌మన్ ముందే కార్ ఎత్తుకుపోతాం అన్నాడు, ఐడీ కార్డ్ చూపించమంటే చూపించలేదు. మా అమ్మ పై నుంచి అంతా వింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

ఆర్బీఐ 2022 ఆగస్టులోనే చెప్పింది, బాకీ వసూలు కోసం పొద్దున 8కి ముందు రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, ఇంట్లోవాళ్ళని, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ళని వేధించకూడదని. గూండాల్ని పెట్టి బండి లాక్కోవడం కుదరదని సుప్రీంకోర్టు 2007లోనే అంది. బండి తీసుకెళ్ళే రూల్ అగ్రిమెంట్‌లో ఉంటుంది, కాదనను, కానీ ఎంత నోటీస్ ఇవ్వాలి, అమ్మే ముందు కట్టుకోవడానికి ఆఖరి అవకాశం ఎలా ఇవ్వాలి అనేది కూడా అందులోనే ఉండాలి. మీ కాపీ తీసి చదవండి.

ఇదంతా రాసి, కాల్ రికార్డింగులు పెట్టి, కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ చేశా, 30 రోజుల్లో జవాబు రాకపోతే కస్టమర్ల ఫిర్యాదులు చూసే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్తా అని కూడా రాశా. వారంలోపే బావకి ఫోన్లు ఆగిపోయాయి. స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే పీనల్ చార్జీల (లేట్ అయినందుకు వేసే జరిమానా) మీద జీఎస్టీ వేశారు, అది వేయకూడదని 2025 జనవరిలోనే సర్క్యులర్ వచ్చింది, అడిగితే ఆ ముక్క తీసేశారు. అడగకపోతే తీసేవాళ్ళు కాదు.

ఈ రెండు స్టార్లు ఎవరికి అంటే బ్రాంచ్‌లో ఉన్న ఒక మేడంకి. ఫోన్లతో విసిగిపోయి నేరుగా బ్రాంచ్‌కి వెళ్తే ఆమె కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, సార్ మీకు రెండు నెలల బాకీ ఉంది, పాతది 90 రోజులు దాటితే ఎన్‌పీఏ (మొండి బాకీ) అయిపోద్ది, అప్పుడు ఫైల్ నా చేతిలో ఉండదు, ఏదో ఒకటి సర్ది ఒక ఈఎమ్ఐ కట్టండి, మిగతాది ఎప్పుడు కడతారో రాసివ్వండి, నేను పైకి పంపిస్తా అన్నారు. ఇన్ని ఫోన్లలో ఎవరూ చెప్పని విషయం ఆమె ఒక్క నిమిషంలో చెప్పారు. పీఎఫ్ నుంచి తీసి ఒక ఈఎమ్ఐ కట్టా, ఆమె నా ప్లాన్‌కి మెయిల్‌లో ఒప్పుకున్నట్టు రాయించి ఇచ్చారు. నోటి మాట మీద ఏదీ వదలకండి, మెయిల్ కావాలి.

కార్ అమ్మేద్దామని కూడా చూశాం. అసలు (వడ్డీ కాకుండా) 5.24 లక్షలు బాకీ, ముందే క్లోజ్ చేస్తే మా అగ్రిమెంట్ ప్రకారం 5 శాతం చార్జీ, దాని మీద జీఎస్టీ, డీలర్ చెప్పిన రేటుకి చేతిలో ఏమీ మిగలదు. ఎన్‌ఓసీ, ఫారం 35 (లోన్ తీరిందని ఫైనాన్స్ వాళ్ళు ఇచ్చే కాగితాలు) చేతికొచ్చేదాకా ఆర్‌సీ మీద హైపోథెకేషన్ (కార్ మీద ఫైనాన్స్ వాళ్ళ హక్కు) పోదు, అప్పటిదాకా కొనేవాడు ఆగడు. వదిలేశాం.

ఇప్పుడు వేరే కంపెనీలో చేరా, జీతం కొంచెం తక్కువ, బాకీ అంతా కట్టేశా, కార్ ఇంట్లోనే ఉంది. సెటిల్‌మెంట్ చేసుకోండి తగ్గిస్తాం అని మధ్యలో ఒక కాల్ వచ్చింది, ఒప్పుకోలేదు, సిబిల్‌లో సెటిల్డ్ (పూర్తిగా కట్టకుండా తేల్చుకున్నాడు) అని పడితే తర్వాత హోమ్ లోన్‌కి ఎవడూ దగ్గరికి రానివ్వడు. లేట్ అయిన నెలలు మాత్రం రిపోర్ట్‌లో కనిపిస్తున్నాయి, 36 నెలల హిస్టరీ చూపిస్తారు కాబట్టి ఇంకొన్నాళ్ళు ఉంటాయి. మిగిలిన పీనల్ చార్జీలు మాఫీ చేయమని పెట్టిన రిక్వెస్ట్ పెండింగ్‌లో ఉంది. మా బావకి సారీ చెప్తూ ఒక లెటర్ ఇవ్వమని కూడా అడిగా, దానికి ఇంతవరకు జవాబు లేదు, వచ్చేదాకా అడుగుతూనే ఉంటా.