బేలం, గండికోట ట్రిప్: టెంటు దండగ, బ్యాటరీ షాపు పండగ

పోయిన డిసెంబర్‌లో కర్నూలు నుంచి బండేసుకొని బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల మీదుగా బేలం గుహలు చూసుకొని రాత్రికి గండికోట చేరినాం, నేను, మా ఆవిడ, పిల్లోళ్ళిద్దరు. గుహ మొత్తం 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు దాకా. లోపలికి పైపుల్తో గాలి కొడతా ఉన్నా గుహ అడుగున ఉండే పాతాళగంగ నీటిపాయ కాడికి పోయేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారతాయి, చలికాలమే కదా అని స్వెట్టర్లు వేసుకొని పోవద్దు. టికెట్ డబ్బులు మాత్రం దండగ కావు.

గండికోటలో టూరిజం వాళ్ళ హరితలో రూము దొరక్క ప్రైవేటు టెంట్లు రెండు తీసుకున్నాం, మూడు వేలు. చికెన్, జొన్నరొట్టె బాగా పెట్టినారు గానీ బాత్రూం ఎక్కడో ఫర్లాంగు దూరం, తెల్లారి నీళ్ళు లేవు. పొద్దున్నే నడుచుకుంటా పోయి లోయ చూసినాం, నిట్టనిలువు ఎర్ర రాళ్ళ మధ్య పెన్న మలుపు తిరిగే చోట ఎండ పడతాంటే టెంటు కష్టాలన్నీ మర్చిపోయినాం. తిరిగొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ టిక్, అంతే. పిల్లోళ్ళు రాత్రి బండిలో లైటేసుకొని ఫోన్లు చూసి అట్లే వదిలేసినారు. టెంటాయన "బ్యాటరీ దిగిపోయిండాదన్నా, ఇంకో బండి నుంచి కరెంటు తీసుకునే వైర్లు మా కాడ లేవు" అని చెయ్యి దులుపుకున్నాడు. పుణ్యానికి తాడిపత్రి పిల్లలు నలుగురు తోసినారు, సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే స్టార్ట్ అయ్యింది, ఇంజన్ ఆపకుండా జమ్మలమడుగు దాకా 15 కిలోమీటర్లు తెచ్చినా.

మొదటి షాపులో తళతళలాడే బ్యాటరీ చూపించి "ఫ్రెష్ పీస్ సార్, వారంటీ ఈరోజు నుంచే" అన్నాడు. నిజానికి నేను కార్డు తీసేసినా, కానీ పాత బ్యాటరీకిచ్చే ఎక్స్చేంజి రేటు కాడ తేడా కొట్టి పక్క సందులో ఇంకో షాపుకు పోయినా. అక్కడ పెద్దాయన ముందు నా పాత బ్యాటరీ పైమూత గుడ్డతో తుడిచి, వైరు బిగించే టెర్మినల్ పక్కన ప్లాస్టిక్‌లో వేడి అచ్చుతో కొట్టిన అక్షరాలు టార్చ్ వేసి చూపించినాడు: జి 1. "ఏ అంటే జనవరి, బి ఫిబ్రవరి, అట్లా లెక్కేసుకో నాయనా, జి అంటే జూలై. పక్కన అంకె సంవత్సరం, 1 అంటే 2021." బండి కొన్నది 2021 సెప్టెంబర్‌లోనే, సరిగ్గా సరిపోయింది. మన ఎండలకు నాలుగేళ్ళు దాటిందంటే దాని తప్పేం లేదన్నాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు ఐ అక్షరం 1 మాదిరి కనిపిస్తుందని వదిలేస్తాయి, అప్పుడు జె నుంచి ఒక నెల వెనక్కి జరుగుతుంది, డిసెంబర్ కాస్తా ఎం అవుతుంది. కొందరు సంవత్సరం ముందు వేస్తారు, కొందరు నేరుగా తేదీయే వేస్తారు, కోడ్ అర్థం కాకపోతే అట్టపెట్టె మీద స్టిక్కర్‌తో సరిచూసుకోవాలి. ఆయన ఇచ్చింది కె 5, అంటే అక్టోబరో నవంబరో, ఏదైనా మూడు నెలల లోపే. మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండు చార్జి.

ఊరుకోలేక మొదటి షాపుకు మళ్ళీ పోయి ఆ ఫ్రెష్ పీస్ తిప్పి చూసినా. ఏ 5! జనవరిది, పదకొండు నెలలుగా షెల్ఫులోనే ఉంది, మీటర్ 12.2 వోల్టులే, అంటే చార్జి సగానికి దిగిపోయింది. వారంటీ కొన్న రోజు నుంచే, కాదనను, కానీ చార్జింగ్ లేకుండా అట్లా పడుంటే లోపల ప్లేట్లకు సల్ఫేట్ పట్టి ఆయుష్షు తగ్గిపోతుంది. అడిగితే "అన్నీ అట్లనే వస్తాయి సార్" అన్నాడు.

పెద్దాయన నెగటివ్ వైరు ముందు విప్పి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించి, క్లాంపుల తెల్ల పొడి వేడినీళ్ళు, వంటసోడాతో కడిగి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాసిచ్చి, బిగించిన కూలి కూడా తీసుకోలేదు. ట్రిప్ మొత్తంలో ఐదుకు ఐదు మార్కులు ఆ షాపుకే.

ఇంటికొచ్చినాక మా బావ బండి బానెట్ లేపి చూసినా, డి 0. ఏప్రిల్ 2020 బావా అంటే "స్టార్ట్ అవుతోందిగా, నీకెందుకబ్బా" అని ఠపీమని మూసేసినాడు.