220 డాలర్ల ‘సైడ్‌వైండర్’, పైసా ఖర్చు లేని హాల్ ఆఫ్ ఫేమ్

జాజ్ కోసం న్యూయార్క్ వెళ్లేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. జాజ్ దిగ్గజాల పేర్లు పెట్టే హాల్ ఆఫ్ ఫేమ్‌కి అరగంట చాలు. క్వీన్స్‌లోని కరోనా పేటలో ఉన్న ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటికి ఒక పూట పెట్టుకోండి. పాత రికార్డుల దుకాణంలో మాత్రం అట్ట మీది స్టిక్కర్‌ని నమ్మకండి. 2025 ఏప్రిల్‌లో ముగ్గురం తిరిగొచ్చాక తేలిన లెక్క ఇది. ముగ్గురంటే నేను, మా ఆవిడ, ఎడిసన్‌లో ఉండే మా బావమరిది. అతనికి జాజ్ అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే.

హాల్ ఆఫ్ ఫేమ్ సంగతి ముందు. కొలంబస్ సర్కిల్ దగ్గరున్న జంట టవర్ల భవనంలో, ఐదో అంతస్తులో, జాజ్ ఎట్ లింకన్ సెంటర్ వాళ్ల ప్రాంగణంలో ఉంటుంది. అట్లాంటిక్ రికార్డ్స్‌లో పనిచేసిన నెసుహి ఎర్టెగన్ పేరు పెట్టారు. 2004లో తెరిచారు, ప్రవేశం ఉచితం. మ్యూజియంలా గదులు గదులుగా ఉంటుందనుకుని వెళ్తే నీరసం వస్తుంది. ఉన్నది నడిచిపోయే దారిలో ఒక ప్రదర్శన, పేర్లు, తెర మీద క్లిప్పులు, అంతే. మా ఆవిడకు అక్కడి కిటికీలోంచి కనిపించే సెంట్రల్ పార్కే నచ్చింది, తప్పు పట్టలేం.

పేర్ల జాబితా దగ్గర మాత్రం ఎవరైనా ఆగాల్సిందే. మొదటి ఏడాది తీసుకున్న 14 మందిలో ఆడవాళ్లు ఒక్కరే, గాయని బిల్లీ హాలిడే. ఎల్లా ఫిట్జెరాల్డ్‌ది 2005 వరుస. మింగస్, మాక్స్ రోచ్, సోనీ రోలిన్స్ కూడా ఆ ఏడే. పండితులు కూర్చుని ఎంచితే ఇలా ఉంది. పాఠకుల ఓటుకి వదిలేస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక హాల్ ఆఫ్ ఫేమ్ 1952లో పాఠకుల ఓటుతో మొదలైంది. మొదట ఆర్మ్‌స్ట్రాంగ్, సరే. 1953లో డాన్సు బ్యాండు నడిపిన గ్లెన్ మిల్లర్, 1954లో స్టాన్ కెంటన్! చార్లీ పార్కర్ వంతు 1955లో వచ్చింది, అదీ ఆ మార్చిలో ఆయన పోయాక. డ్యూక్ ఎల్లింగ్టన్‌కి 1956 దాకా ఆగాల్సొచ్చింది. 1964లో ఎరిక్ డాల్ఫీ, పోయింది ఆ ఏడు జూన్‌లో. 1970లో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్, పోయింది ఆ సెప్టెంబరులో. ఆ రోజుల్లో ఓటు సగం సంతాప సభ. విమర్శకులు 1961లో కోల్‌మన్ హాకిన్స్‌తో తమ జాబితా వేరే పెట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది? అందుకే ఎవరు హాల్లో ఉన్నారు, ఎవరు లేరు అన్న గొడవ నాకు పెద్దగా ఎక్కదు. ఒక వాద్యకారుడి రికార్డులు అసలు టేపు నుంచి మళ్లీ అచ్చయి దుకాణంలో దొరుకుతున్నాయా అన్నదే నాకు లెక్క.

ఆ మాటకి రుజువు మేం ఉండగానే దొరికింది. ఏప్రిల్ 12 రికార్డ్ స్టోర్ డే, అంటే రికార్డు దుకాణాల్లో ప్రత్యేక ఎల్పీలు విడుదలయ్యే రోజు. ట్రంపెట్ వాద్యకారుడు కెన్నీ డోర్హమ్ 1967లో బ్రాంక్స్‌లోని బ్లూ మొరాకో క్లబ్బులో వాయించిన టేపు ఆ రోజున మొదటిసారి ఎల్పీగా వచ్చింది. ‘బ్లూ బోసా’ బాణీ కట్టినవాడు ఆయనే. ఎర్టెగన్ మొదటి రెండు జాబితాల్లోనూ ఆయన పేరు లేదు. ఆ పొద్దున దుకాణాల ముందు వరుస మాత్రం ఉంది. ఆ రోజు వెళ్లేవాళ్లకు నియమాలు: ముందొచ్చినవాళ్లకే, ఫోన్ చేసి పక్కన పెట్టమంటే పెట్టరు, ఒక్కో టైటిల్ మనిషికి ఒకటే. కావలసిన రికార్డు ఆ కొట్టుకి అసలు వచ్చిందో లేదో ముందు రోజే అడగండి. ప్రతి కొట్టుకీ ప్రతి టైటిల్ రాదు.

ఇక కడుపు మండిన ఘట్టం. బ్రూక్లిన్‌లో ఒక పాత రికార్డుల కొట్టు, పేరు అనవసరం. గోడకి ఎత్తుగా తగిలించిన లీ మోర్గన్ ‘ది సైడ్‌వైండర్’ మోనో (ఒకే ఛానెల్ శబ్దం), బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ 4157వ నంబరు ఎల్పీ, మీద స్టిక్కర్ ‘ఒరిజినల్ ఫస్ట్ ప్రెసింగ్ (అసలు తొలి అచ్చు), 220 డాలర్లు’. దింపి చూపించమంటే కొట్టువాడు మొహం మాడ్చుకుని దింపాడు. లేబుల్ మీద ‘న్యూయార్క్ యు.ఎస్.ఎ.’ అని ఉంది, సరిగ్గానే ఉంది. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి పట్టీలో రికార్డింగ్ ఇంజనీరు ‘వాన్ గెల్డర్’ ముద్ర కూడా ఉంది. చెవి మాత్రం లేదు.

చెవి అంటే ఆ పట్టీలోనే గీసి ఉండే చిన్న గుర్తు, వంకర తిరిగిన పి అక్షరం, చూడ్డానికి చెవిలా ఉంటుంది. న్యూజెర్సీలోని ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ గుర్తు అది. 1966లో లిబర్టీ కంపెనీ బ్లూ నోట్‌ని కొనేదాకా ఎల్పీలు అక్కడే అచ్చయ్యేవి. లిబర్టీ వేరే చోట అచ్చు వేయించింది గానీ పాత అచ్చు పలకలూ, మిగిలిపోయిన పాత లేబుళ్లూ వాడేసింది. అందుకే పాత లేబుల్, వాన్ గెల్డర్ ముద్ర రెండూ ఉండి చెవి లేని కాపీలు బోలెడు తిరుగుతున్నాయి. వినడానికి దివ్యంగా ఉంటాయి, కానీ ‘ఫస్ట్ ప్రెసింగ్’ కావు, కలెక్టర్లు ఇచ్చే ధరా చాలా తక్కువ. ఇదంతా మర్యాదగానే చెప్పా. “వాన్ గెల్డర్ ముద్ర ఉందిగా, ఇంకేం కావాలి?” అన్నాడు. ఆ ముద్ర మాస్టర్ (అచ్చుకి మూలమైన డిస్కు) కోసినవాడిది, అచ్చు వేసిన ఫ్యాక్టరీది కాదు అంటే, “ఇష్టమైతే కొను, అమ్మాక వాపసు లేదు” అని మళ్లీ గోడకి తగిలించాడు. స్టిక్కర్ అలాగే ఉంది. మా బావమరిది అప్పటికి ముప్పావుగంటగా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “బావగారూ, ఆ చెవేదో దొరికితే దాంతో మా అక్క మాట కూడా వినండి, ఆకలేస్తోందట” అన్నాడు.

కొనేవాళ్లు ఇలా చూసుకోండి. ముందు లేబుల్ మీద చిరునామా: 1957 దాకా లెక్సింగ్టన్ అవెన్యూ, తర్వాత ‘47 వెస్ట్ 63’, ఆ పైన 1966 దాకా ‘న్యూయార్క్ యు.ఎస్.ఎ.’. ‘ఎ డివిజన్ ఆఫ్ లిబర్టీ రికార్డ్స్’ అని ఉంటే ఇక వాదనే లేదు, తర్వాతి అచ్చే. తర్వాత ఫోన్ లైటుని పక్కనుంచి ఏటవాలుగా పట్టి పట్టీలో చెవి వెతకండి. నేరుగా పై నుంచి వేస్తే మెరుపు తప్ప ఏమీ కనబడదు. రెండు వైపులా చూడండి. మోనోనా స్టీరియోనా అన్న గొడవలో పడేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. 1958 చివరి నుంచి వాన్ గెల్డర్ బ్లూ నోట్‌కి రెండు ట్రాకుల టేపు ఒక్కటే నడిపాడు, ఆ రెంటినీ కలిపి మోనో కోశాడు. కాబట్టి ఆ తర్వాతి రికార్డులకి ‘మోనో మిక్సే అసలుది’ అని ఎక్కువ డబ్బడిగితే నవ్వి వచ్చేయండి.

వినడానికే అయితే కొత్త అచ్చులు కొనడం తెలివి. అదే ‘సైడ్‌వైండర్’ బ్లూ నోట్ క్లాసిక్ వైనల్ వరుసలో మేం వెళ్లినప్పుడు 30 డాలర్ల లోపు దొరికింది. 2019లో మొదలైన టోన్ పోయెట్ వరుస ఇంకొంచెం ఖరీదు, మేం చూసిన కొట్లలో 35 నుంచి 40. దళసరి మడత అట్ట, కాలిఫోర్నియాలో ఆర్.టి.ఐ. ఫ్యాక్టరీ అచ్చు. రెండు వరుసలకీ అసలు అనలాగ్ టేపు నుంచి మాస్టర్ కోసేది కెవిన్ గ్రే అనే ఇంజనీరే, కాబట్టి అట్ట మీద మోజు లేకపోతే చవకదే తీసుకోండి. దేనికైనా న్యూయార్క్‌లో అమ్మకం పన్ను 8.875 శాతం పైన పడుతుంది. బ్లూ నోట్‌కి ఇన్ని మంచి రీఇష్యూలు రావడంలో అదృష్టం కూడా ఉంది. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ వాళ్ల టేపుల గిడ్డంగి కాలిపోయినప్పుడు బ్లూ నోట్ ఇంకా ఇ.ఎం.ఐ. అనే వేరే కంపెనీ చేతిలో ఉంది. ఆ టేపులు అక్కడ లేవు.

మోసం వాసన వచ్చేది 18, 20 డాలర్ల యూరప్ కాపీల దగ్గర. మెరిసే అట్ట, ‘180 గ్రాములు’ అని పెద్ద అక్షరాలు, టేపు ఎక్కడిదో ఒక్క ముక్క ఉండదు. యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగులకి హక్కులు తీరిపోయాయి, ఎవరైనా అచ్చేయొచ్చు. చాలామంది సీడీ నుంచే కోస్తారు. 180 గ్రాములనేది ప్లాస్టిక్ బరువు, శబ్దానికి పూచీ కాదు. వెనక అట్ట మీద మాస్టరింగ్ చేసినవాళ్ల పేరు లేకపోతే వదిలేయండి. నమ్మకమైన చోటు కావాలంటే వెస్ట్ 26వ వీధి, 236 నంబరు, ఎనిమిదో అంతస్తులోని జాజ్ రికార్డ్ సెంటర్. బ్లూ నోట్ తొలి అచ్చులు గుర్తుపట్టడం మీద పుస్తకమే రాసిన ఫ్రెడ్ కోహెన్ పెట్టిన కొట్టు. వెళ్లే ముందు ఫోన్ చేసి తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

బస గురించి ఒక పేరా తప్పదు. పెన్ స్టేషన్ పక్కన ఒక హోటల్. బుకింగ్‌లో చూపిన ధర రాత్రికి 189. కౌంటర్ దగ్గర ‘డెస్టినేషన్ ఫీజు’ 35. మొత్తం 224 మీద పన్నులు 14.75 శాతం, అంటే 33.04. రాత్రికి ఇంకో 3.50 స్థిర రుసుము. వెరసి 260.54. నాలుగు రాత్రులకి 1,042.16, అనుకున్నది 756. ఆ 35 దేనికంటే వైఫై, జిమ్, రెండు నీళ్ల సీసాలు, లాబీలో కాఫీ. కాఫీ యంత్రానికి ‘పనిచేయడం లేదు’ కాగితం అంటించి ఉంది. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫోటో తీసి చెకౌట్ రోజున కౌంటర్లో చూపించింది. ఒక రోజు ఫీజు తగ్గించారు, నేనడిగితే తగ్గించేవాళ్లు కాదు. 2025 మే 12 నుంచి తప్పనిసరి ఫీజుల్ని చూపే ధరలోనే కలపాలని ఫెడరల్ నిబంధన వచ్చింది. పన్నులు మాత్రం ఇప్పటికీ విడిగా చూపొచ్చు, ఆ 14.75 మీరే కలుపుకోండి.

ఇవన్నీ మర్చిపోయింది ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంట్లో. 7వ నంబరు రైలు, 103వ వీధి స్టేషన్, అక్కణ్నుంచి కొద్ది నడక. మేం వెళ్లినప్పుడు రైలు టికెట్ 2.90. అప్పట్లో కార్డు ట్యాప్ చేస్తే వారానికి 34 డాలర్లు దాటాక మిగతావి ఉచితంగా ఉండేవి, ఒకే కార్డు వాడితేనే. ఇంటి టికెట్ పెద్దలకి 20, ముందే ఆన్‌లైన్‌లో కొనండి, చిన్న చిన్న గుంపులుగానే లోపలికి పంపుతారు. 1943లో భార్య లూసిల్ కొన్న ఇల్లు, ఆయన 1971లో పోయేదాకా ఇక్కడే. అంత పేరున్న మనిషిది మామూలు వీధిలో మామూలు ఇటుకల ఇల్లు. లోపలికెళ్తే నెమలి నీలం అల్మరాల వంటిల్లు, నాలుగు పక్కలా అద్దాలూ బంగారు పూత కుళాయిలూ ఉన్న స్నానాల గది. పై అంతస్తు గదిలో రీల్ టేప్ రికార్డర్లు, గోడ మీద గాయకుడు టోనీ బెనెట్ వేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ బొమ్మ, కింద బెనెట్ అసలు ఇంటిపేరు ‘బెనెడెట్టో’ సంతకం. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు టేపుల్లోకి ఎక్కించుకున్న మాటలు గైడ్ ఆయా గదుల్లోనే వినిపిస్తుంది. మా బావమరిది ఆ రోజంతా విసుక్కోలేదు. ఎదురుగా 2023లో తెరిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ సెంటర్ కూడా చూడండి.

అదే 7వ నంబరు రైల్లో చివరిదాకా వెళ్తే ఫ్లషింగ్. బౌన్ స్ట్రీట్‌లో గణేశ్ గుడి, కింద క్యాంటీన్. రెండు మసాలా దోసెలు, ఒక ప్లేటు ఇడ్లీ, మూడు కాఫీలు కలిపి 31 డాలర్లు. దోసె అంచు కరకరలాడింది, సాంబారు వేడిగా పొగలు కక్కింది. మాన్‌హట్టన్‌లో ఒక్కరి భోజనానికి అంత అయింది.

విలేజ్ వాన్‌గార్డ్ జాజ్ క్లబ్బులో బాగా జరిగింది కాబట్టి క్లుప్తంగా: తలకి 40, ఒక డ్రింక్ తప్పనిసరి, కూల్‌డ్రింక్ అయినా సరే. భోజనం ఉండదు, తినేసి వెళ్లండి. ఫోటోలు తీయనివ్వరు. సోమవారమైతే 1966 నుంచి నడుస్తున్న సోమవారపు బిగ్ బ్యాండ్. 123 మంది పట్టే ఆ నేలమాళిగలో ముందు బల్ల దొరికితే ట్రంపెట్లు నేరుగా నెత్తి మీదే. తలుపులు తెరిచే వేళకే వరుసలో ఉంటే మధ్యలో సీటు పడుతుంది.

ఒక పూట మిగిలితే 4వ నంబరు రైలు ఎక్కి చివరి స్టేషన్, వుడ్‌లాన్ శ్మశానం. ఉచితం. డ్యూక్ ఎల్లింగ్టన్, మైల్స్ డేవిస్, హాకిన్స్, మాక్స్ రోచ్, కింగ్ ఆలివర్, అందరూ ఇక్కడే. 400 ఎకరాలు, ఆఫీసులో మ్యాపు తీసుకోకపోతే తిరగలేరు. మా ఆవిడ ఈ ఒక్కటీ రానంది.

రికార్డులు ఇంటికి తేవడానికి: కేబిన్ బ్యాగులో 14 అంగుళాల వెడల్పు ఉంటే ఎల్పీ పడుతుంది, చెకిన్‌లో వేయకండి. డిస్కుని అట్టలోంచి తీసి, లోపలి కవరుతో అట్ట వెనక పెట్టి, రెంటినీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంచండి. లోపలే ఉంటే కుదుపుకి డిస్కు అంచు అట్ట కుట్టుని చీల్చేస్తుంది. పది రికార్డులు దాదాపు నాలుగు కిలోలు, కేబిన్ పరిమితి ఏడు కిలోలైతే లాప్‌టాప్‌తో కలిపి తూచుకోండి. శంషాబాద్‌లో దిగాక మధ్యలో భోజనానికి ఆగితే బ్యాగు మీతోనే హోటల్లోకి తీసుకెళ్లండి. వేసవిలో మూసిన కారులో గంట చాలు, ఎల్పీ అప్పడంలా వంకర తిరుగుతుంది.