హావ్‌లాక్ నీళ్ల నుంచి ఋషికుల్య ఇసుక దాకా: నా పాత డైవింగ్ టార్చి

ఈ డైవింగ్ టార్చిని 2006 డిసెంబరులో అండమాన్ ప్రయాణానికి ముందు చెన్నైలో కొన్నాను. పసుపు రంగు ప్లాస్టిక్ తొడుగు, నాలుగు సి-సైజు సెల్స్, పాత కాలపు హాలోజెన్ బల్బు, వంద మీటర్ల లోతును తట్టుకుంటుందన్న అచ్చు ముద్ర, ఇంతే దాని హంగు. ఆ నమూనా ఇప్పుడు దుకాణాల్లో కనబడదు. అయితే డైవింగ్ మానేసినవారి అటకల మీద అటువంటివి ఇంకా ఉంటాయి కాబట్టి, ఇన్నేళ్లుగా నీటి లోపలా ఒడ్డునా వాడినవాడిగా దాని బాగోగులు రాస్తున్నాను.

ఒడిశాలోని గోపాలపూర్ అలలను ఒడ్డున నిలబడి చూస్తూ పెరిగిన నాకు సముద్రం లోపలి రంగులను చూపించింది ఈ టార్చే. నీటిలో ముందుగా మాయమయ్యేది ఎరుపు. పది మీటర్లు దాటేసరికి ఎర్రని పగడం కూడా బూడిద రంగు రాయిలా కనబడుతుంది. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పిలుస్తున్న హావ్‌లాక్‌లో, పద్దెనిమిది మీటర్ల లోతులో, ఒక రాతి అంచు తగిలి నా చూపుడువేలు చీరుకుపోయింది. వేలి నుంచి సన్నని పొగలా లేచిన నెత్తురు ముదురు ఆకుపచ్చగా కనబడటంతో భయపడ్డాను. శిక్షకుడు నా చేతిలోని టార్చిని వెలిగించి వేలి మీదకు తిప్పాడు. ఆ వెలుగు పడినంత మేరా నెత్తురు మళ్లీ ఎర్రబడింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అదే టార్చి వెలుగులో, ఒక రాతి చూరు కింద తల దాచుకుని నిద్రపోతున్న పచ్చ తాబేలును మొదటిసారి చూశాను. దాని డిప్ప మీద అంటుకున్న నాచు పోగులు నీటి కదలికకు ఊగుతున్నాయి.

నీళ్లలో ఈ టార్చి నన్ను ఎన్నడూ మోసగించలేదు. దాని ప్రాణమంతా మూత దగ్గరి రబ్బరు ఓ-రింగులో ఉంది. లోతుకు వెళ్లే కొద్దీ నీటి ఒత్తిడే మూతను బిగిస్తుంది కాబట్టి, కారడమంటూ జరిగితే తక్కువ లోతులోనే, రింగు మీద ఒక్క ఇసుక రేణువో తలవెంట్రుకో ఉండిపోయినప్పుడు జరుగుతుంది. ప్రతిసారీ మంచినీళ్లలో నానబెట్టి కడగడం, రింగును మెత్తని గుడ్డతో తుడిచి సిలికాన్ గ్రీజు పలుచగా పూయడం తప్పనిసరి. పెట్రోలియం జెల్లీ పూస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రింగు అరిగినప్పుడు కొత్తదాని కోసం తయారీదారుకు మూడు ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. చివరికి బరంపురంలో పంపుసెట్లు బాగుచేసే దుకాణంలో అదే కొలత రింగు దొరికింది.

అసలు పరీక్ష ఒడ్డున ఎదురైంది. ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు గుర్తించినది 1994లో. పొడంపేట, పూరుణాబంధ, గోఖరకుదా ఊళ్లలో కడలినే నమ్ముకున్నవారికి అది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. డైవింగ్ నేర్చిన రెండేళ్లకు, ఒక ఫిబ్రవరి రాత్రి, అటవీ సిబ్బందితో పాటు కాపలాకు వెళ్లి, అలల నుంచి పైకి పాకుతున్న ఒక తల్లి తాబేలు మీద ఈ తెల్లని వెలుగు వేశాను. పక్కనున్న పెద్దాయన, "దీపం ముయ్యి బాబూ, తల్లి ఎనక్కెల్లిపోతాది" అని తెలుగులోనే అన్నారు. ఆయన మాట పూర్తయ్యేలోపే అది వెనుదిరిగి నీళ్లలోకి జారుకుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక తాబేలు చుట్టుపక్కల అలికిడిని అంతగా పట్టించుకోదు గాని, ఒడ్డెక్కే వేళ మాత్రం చిన్న వెలుగుకైనా బెదురుతుంది. ఆ రాత్రి నా వల్ల జరిగిన ఆ పొరపాటు నన్ను చాలాకాలం బాధించింది.

మర్నాడే అద్దం మీద ఎర్రని సెల్లోఫేన్ కాగితం రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండు బిగించాను. తాబేళ్ల కళ్లకు ఎర్రని వెలుగు అంతగా ఆనదు. ఇక్కడే ఈ పాత బల్బు కొత్తవాటికంటే మేలని నా అభిప్రాయం: హాలోజెన్ వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, కాగితం అడ్డుపడినా దారి కనబడేంత వెలుతురు మిగులుతుంది, తెల్లని ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ కావడంతో, అదే కాగితం వేస్తే వెలుతురు బాగా తగ్గిపోతుంది. కొత్తగా కొనేవారు ఎర్రని ఎల్‌ఈడీ ఉన్నదాన్నే ఎంచుకోవడం మంచిది.

ఇసుకలోని గుడ్లు పిల్లలవడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది. పిల్లలు రాత్రివేళ గుంట నుంచి బయటపడి, ఎటు వెలుగు ఎక్కువగా ఉంటే అటు పరుగు తీస్తాయి. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రానిదే. ఇప్పుడు ఊరి దీపాలూ రహదారి దీపాలూ వాటిని ఎదురు దిక్కుకు లాగుతున్నాయి. అందుకే ఊళ్ల యువకులు ఒడ్డు పొడవునా వల కట్టి, దారి తప్పినవాటిని బకెట్లలో ఏరి నీటి అంచున వదులుతారు. బొటనవేలంత బూడిద రంగు పిల్ల అరచేతిలో రెక్కలు ఆడిస్తుంటే, ఆ చిన్న ఒంటిలో అంత బలం ఎక్కడిదా అనిపిస్తుంది. 2023లో ఇక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయని అటవీ శాఖ లెక్క. ఆ ఏడాది అడుగు తీసి అడుగు వేయడానికి కూడా ఈ ఎర్రని మసక వెలుగే ఆధారం.

లోపాలు లేకపోలేదు. బరువు ఎక్కువ, సెల్స్ ఐదారు గంటలకు మించి రావు, మణికట్టు తాడు రెండో ఏడాదే తెగిపోయింది. ఒక వానాకాలం సెల్స్ తీయడం మరిచిపోతే, అవి కారి లోపలి స్ప్రింగు పచ్చగా చిలుము పట్టింది; వెనిగర్‌తో రుద్దితే మళ్లీ వెలిగింది. అప్పటినుంచి మే నెల చివరి పిల్లలు నీళ్లలోకి వెళ్లిన రాత్రే సెల్స్ తీసేసి, సెల్లోఫేన్ కాగితాలతో పాటు విడిగా డబ్బాలో పెడుతున్నాను.