వాడేసిన నీళ్లని మునగ గింజల పొడితో తేర్చే ఫిల్టర్: మూడు నెలల తర్వాత నా మాట

కంపెనీ పేరు రాయను గానీ, కుళాయి ఉన్న డ్రమ్ము, ఇసుక, బొగ్గు, కొబ్బరి పీచు పొరలుగా పేర్చిన బకెట్, మునగ గింజల పొడి ప్యాకెట్లు కలిపి అమ్మే కిట్ ఇది. స్నానం నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు మొక్కలకీ ఫ్లష్‌కీ పనికొస్తాయని తీసుకున్నాను.

పొడి పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. 20 లీటర్లకి చెంచాడు పొడి, ముందు గ్లాసు నీళ్లలో కలిపి పోసి, ఒక నిమిషం గట్టిగా, తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పితే దూదిపింజల్లాంటి తునకలు కట్టడం కళ్ల ముందే కనిపిస్తుంది. గింజలోని ప్రొటీన్‌కి ధనావేశం, మురికి రేణువులకి ఋణావేశం, రెండూ అతుక్కుని బరువెక్కి దిగిపోతాయి, ఒకట్రెండు గంటల్లో మడ్డి అడుక్కి చేరి పైనీళ్లు తేరుకుంటాయి. మెల్లగా తిప్పాల్సిన చోట తొందరపడి గిలక్కొడితే మాత్రం తునకలన్నీ చెదిరి కథ మళ్లీ మొదటికొస్తుంది (నాకు రెండుసార్లు అయింది). పొడి ఎక్కువేసినా అంతే, నీళ్లు మళ్లీ మసకేస్తాయి.

ఒళ్లు మండింది ఎక్కడంటే, పెట్టె మీద 'వారం నిల్వ ఉంటాయి' అని రాశారు. నమ్మి డ్రమ్ము నింపి పెట్టాను, రెండో రోజు సాయంత్రం మూత తీస్తే ఇల్లంతా కంపు! గింజల్లోంచి నీళ్లలోకి దిగిన పదార్థం, సబ్బు జిడ్డు, ఇవన్నీ బాక్టీరియాకి మేతే కదా. అసలు ఇలాంటి నీళ్లు 24 గంటలు దాటి ఉంచకూడదు. తేటగా ఉన్నాయని క్రిములు చచ్చినట్టు కాదు, అందుకే పచ్చిగా తినే ఆకుకూరలకి నేను పొయ్యను, స్ప్రే చెయ్యను, మొక్క మొదట్లో మట్టికే. వంటింటి సింకు నీళ్లు కూడా వద్దు, ఆ జిడ్డుకి పీచు నాలుగు రోజుల్లో మూసుకుపోయింది. డిటర్జెంట్‌లోని సోడియం ఈ పొడికి లొంగదు, అది పేరుకుంటే మట్టి గట్టిపడుతుంది, కాబట్టి మొదటి సబ్బునీళ్లు వదిలేసి రెండో జాడింపు నీళ్లే పడుతున్నాను. ఇవన్నీ పెట్టె మీద ఒక్క ముక్కా లేదు.

అయిదుకి మూడు ఇస్తాను. డ్రమ్ము, బకెట్ ఇంకా వాడుతున్నాను, పొడి ప్యాకెట్లు మాత్రం మళ్లీ కొనలేదు. ఎండిన గింజలు పొట్టు తీసి ఎప్పటికప్పుడు దంచుకుంటే, నిల్వున్న ప్యాకెట్ పొడి కన్నా నీళ్లు తొందరగా తేరుకుంటున్నాయి.